రెండేళ్ల వయసులో తాగిన నీళ్లు

ఫొటో అనగానే మా అక్క కొడుకు పెదాలు బిగిస్తాడు. ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదువుతూ క్యాంపస్ హాస్టల్లో ఉంటున్నాడు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద స్నేహితులతో దిగిన ఫొటోల్లో అందరి పళ్లూ కనిపిస్తాయి, వీడివి తప్ప. ఆ బిగింపు నాకు బాగా తెలుసు. వాడి వయసులో నేను గుబురు మీసం పెంచింది సోకు కోసం కాదు.

ఆదివారం సాయంత్రాలు తార్నాకలోని మా ఇంటికి వస్తాడు. ఇద్దరం అలా నడుచుకుంటూ వెళ్లి బజ్జీల బండి దగ్గర నిలబడతాం. మొన్నొక ఆదివారం బజ్జీ కొరకబోతూ ఆగాడు.

“మామా, పది వెనీర్లు ఎయ్యించుకోమన్నరు. ఎయ్యించుకోవాల్నా?”

“ఎవరన్నర్రా?”

“ఒక క్లినిక్‌ల. అద్దంల చూపిచ్చిండ్రు, పావుగంటల లెక్క రాసిచ్చిండ్రు. నెలనెలా కట్టుకోవచ్చట.”

“పండ్లను ఎంత అరగదీస్తరో చెప్పిండ్రా?”

“అరగదీసుడేంది మామా? పైన అంటిస్తరు గద!”

నేను దంతవైద్యుణ్ణి కాను. ముప్ఫై ఏళ్లు పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. కానీ గోళ్లకు అంటించే రంగుబిళ్లలాంటిదే వెనీరు అనుకుంటున్న కుర్రాడికి పది పళ్ల లెక్క చేతిలో పెట్టి పంపారంటే, మధ్యలో చెప్పాల్సింది చాలా వదిలేశారన్న మాట. ఏ చికిత్స మంచిదన్న ప్రశ్న దగ్గరికి వెళ్లడానికి ముందు, ఆ రంగు పంటిలో ఏ లోతున ఉంది, ఎప్పుడు వచ్చింది అన్నవి తేలాలి. అవి తేలితే చికిత్స దాదాపు తనంతట తానే తేలుతుంది.

మనకు గార అని చక్కటి మాట ఉంది. గార పట్టిన పళ్లు అంటాం. గార అంటే పైనుంచి పట్టింది. ఇరానీ చాయ్, జర్దా, ఖైనీ, పిల్లలకు పట్టే ఐరన్ టానిక్, వారాల తరబడి పుక్కిలించే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్, ఇవన్నీ పంటి పైన చేరేవి. దంతవైద్యుడి దగ్గర ఒక పూట శుభ్రం చేయించుకుని, పాలిష్ పట్టించుకుంటే పోతుంది. ఇంతకు మించి గార గురించి ఆలోచించాల్సిన పనిలేదు. గార ఉన్నవాళ్లకు వెనీరు అంటగట్టడమంటే గోడకు దుమ్ము పట్టిందని ఇల్లు కూల్చడమే.

మావాడిది గార కాదు. పై ముందరి రెండు పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చార, దాని చుట్టూ సుద్దముక్కతో రుద్దినట్టు తెల్లటి మచ్చలు. మిగతా పళ్ల మీద సన్నటి తెల్లగీతలు, దగ్గరగా చూస్తే తప్ప తెలియవు. హాస్టల్లో ఎవరో “పొద్దున పళ్లు తోమవా?” అన్నారట. వాడు రోజుకు మూడుసార్లు తోముతాడు. ఇంకా తోమితే చిగుళ్లు అరుగుతాయేమో గానీ ఆ చార కదలదు. ఎందుకంటే అది పంటి మీద లేదు, పంటిలో ఉంది. పన్ను చిగురు చీల్చుకుని బయటికి రాకముందే దాని విత్తనం పడింది.

మాది నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వైపు పల్లె. ఆ నేలకింద ఉన్నది గ్రానైటు. అందులోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న భూగర్భజలం ఆ రాళ్ల సందుల్లో ఏళ్లతరబడి నిలిచి ఫ్లోరైడును కరిగించుకుంటుంది. బావులు ఎండి బోర్లు లోతుకు పోయినకొద్దీ మనం తోడుకున్నది ఆ పాత నీళ్లనే. తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండొచ్చని, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతుంది. మా వైపు బోర్లలో అంతకు అనేక రెట్లు ఉండేది.

పంటి పైపొర అయిన ఎనామెల్ తయారీ ఒక వింత పని. ప్రత్యేక కణాలు ముందు ప్రొటీన్ల చట్రం కడతాయి, దానిలో కాల్షియం, ఫాస్ఫేటు స్ఫటికాలు పేరుస్తాయి, తర్వాత ఆ చట్రాన్ని విప్పి ప్రొటీన్లను బయటికి పంపేస్తాయి. స్లాబు పోసి, గట్టిపడ్డాక సెంట్రింగు విప్పినట్టన్న మాట. అంతా సవ్యంగా జరిగితే బరువులో 96 శాతం ఖనిజమే ఉన్న పొర తయారవుతుంది. మన ఒంట్లో అంత గట్టిది ఇంకొకటి లేదు. ఆ సమయంలో ఒంట్లో ఫ్లోరైడు ఎక్కువైతే సెంట్రింగు విప్పడం ఆలస్యమవుతుంది. ప్రొటీన్లు మిగిలిపోయిన చోట ఖనిజం పూర్తిగా నిండదు. పైపొర బాగానే ఉంటుంది, దాని కిందే సన్నటి రంధ్రాలు మిగులుతాయి. పై ముందరి పళ్ల విషయంలో రెండేళ్ల వయసుకు కాస్త అటూ ఇటూ ఉన్న నెలలు అన్నిటికంటే కీలకం. ఎనిమిదేళ్లు దాటాక ఎంత ఫ్లోరైడు తాగినా ముందరి పళ్ల మీద కొత్త మచ్చ రాదు, వాటి పని అప్పటికే అయిపోయి ఉంటుంది. రెండేళ్లప్పుడు పడ్డ మచ్చ ఎన్ని ఊళ్లు మారినా పోదు.

కాబట్టి మావాడి పళ్ల మీద ఉన్నది వాడి రెండేళ్ల వయసులో వాళ్లమ్మ ఏ బోరు నీళ్లు పట్టిందో దాని రాత. గోధుమరంగు మాత్రం తర్వాత చేరింది. పన్ను బయటికి వచ్చాక ఆ రంధ్రాల్లోకి తిండి, తాగేవాటి రంగులు దిగుతాయి. మచ్చ తెల్లగా పుడుతుంది, గోధుమగా ముదురుతుంది. ఈ తేడా చికిత్సలో చాలా అక్కరకొస్తుంది, ముందుముందు చూడండి.

మిషన్ భగీరథ 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలైంది. తర్వాతి ఏళ్లలో మా ఊరికీ నల్లా నీళ్లు వచ్చాయి. మా తమ్ముడి కూతురికి ఇప్పుడు ఎనిమిదేళ్లు, మావాడు పెరిగిన ఆ ఇంట్లోనే పుట్టింది, కొత్త పళ్లు మొలిచాయి. దసరాకు వెళ్లినప్పుడు మావాడి నోట్లోకి తొంగిచూసి, “బావా, నీ పండ్ల మీద గా గీతలేంది?” అంది. ఒకే ఇల్లు, ఒకే వంటిల్లు, అదే జొన్నరొట్టె. కడవలోని నీళ్లు మాత్రం మారాయి.

ఫ్లోరోసిస్ అనే ఈ రోగం చరిత్ర మన తెలుగు నేల మీద పాతదే. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట వైద్యలోకానికి చూపిన నివేదిక 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు రాసింది, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించి. నల్లగొండ గురించి సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో రాశాడు. ఆ తర్వాతి కథలో కొంత మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలోనే జరిగింది. ఉస్మానియా క్యాంపస్ పక్కన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, ఉస్మానియా విశ్వవిద్యాలయం రెండూ 1918లోనే పుట్టాయి. సంస్థ పుట్టింది మాత్రం కూనూరులో, ఇక్కడికి 1958లో వచ్చింది. అక్కడి శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ఫ్లోరైడు ప్రాంతపు పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి రాశారు. పళ్ల మచ్చ ఆ రోగం చూపే గుర్తుల్లో అతి చిన్నది. మా ఊళ్లో నడుములు వంగినవాళ్లను చూస్తూ పెరిగినవాడికి పళ్ల అందం గురించి మాట్లాడాలంటే కాస్త సిగ్గుగానే ఉంటుంది. అయినా ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇంటర్వ్యూ గదిలో నోరు తెరవడం చిన్న విషయమేమీ కాదు.

అదే సంస్థ నుంచి 2002లో ఇంకో పరిశోధన వచ్చింది. బడిపిల్లలకు రోజూ 10 గ్రాముల చింతపండు పెడితే మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయింది. ఇది తెలిసిన దగ్గర్నుంచి చారు తాగితే మచ్చలు పోతాయా అని అడిగేవాళ్లు నాకు తగులుతూనే ఉన్నారు. పోవు. చింతపండు పని రక్తంలో తిరిగే ఫ్లోరైడు మీద. ఇరవై ఏళ్ల కింద అచ్చైపోయిన పంటి మీద దానికి ఏ పలుకుబడీ లేదు. పైగా చింతపండు, నిమ్మరసం పళ్లకు పట్టించి రుద్దుకుంటే, ఆ పులుపు ఎనామెల్‌ను కరిగించి ఉన్నదాన్నీ తీసేస్తుంది. ఎనామెల్ చర్మం కాదు, గోరు కాదు. దాన్ని కట్టిన కణాలు పన్ను మొలిచేనాటికే చనిపోతాయి. పోయింది తిరిగి రాదు.

రంగు మారిన ప్రతి పన్నూ నల్లగొండ పన్ను కాదనుకోండి. చిన్నప్పుడు గోలీలాటలోనో క్రికెట్‌లోనో దెబ్బ తగిలి ఒక్క పన్ను మాత్రమే నల్లబడితే అది వేరే కథ, లోపలి నరం చచ్చి రక్తం అందులో ఇంకింది. దానికి రూట్ కెనాల్ చేసి, పంటి లోపలే తెలుపుమందు పెట్టి కొన్నాళ్లు మూసి ఉంచుతారు. పైన గీకనక్కర్లేదు. బూడిద, గోధుమరంగుల పట్టీలు పట్టీలుగా ఉంటే టెట్రాసైక్లిన్‌ను అనుమానించాలి. ఈ మందు కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను 1948లో బెంజమిన్ డుగ్గర్ లోకానికి చూపించాడు. అది పుట్టిన లెడర్లే పరిశోధనశాలను నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. లెక్కలేనన్ని ప్రాణాలు కాపాడిన ఆ మందుకు కాల్షియమంటే మహా ఇష్టం. తయారవుతున్న పంటిలో కాల్షియాన్ని పట్టుకుని అక్కడే ఉండిపోతుంది, తర్వాత ఎండ సోకి ముదురుతుంది. ఆ సంగతి 1950ల్లో బయటపడింది. అందుకే ఎనిమిదేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు దాన్ని సాధారణంగా రాయరు. ఈ మరక ఎనామెల్‌తో ఆగదు, దాని కిందున్న డెంటీన్ పొరలో ఉంటుంది. అన్నిటిలోకీ మొండిది.

బజ్జీల దగ్గరికి వద్దాం. బండివాడు కాగితంలో చుట్టి ఇచ్చాడు. నూనె పడ్డ చోట కాగితం అద్దంలా అయింది, అవతలి వేలు కనిపిస్తోంది. “ఇదెందుకిట్లయింది?” అని వాణ్ణి అడిగాను. ఫిజిక్స్ విద్యార్థి కదా, వెంటనే చెప్పాడు. కాగితం నారపోగులకూ వాటి మధ్య గాలికీ వక్రీభవన గుణకంలో తేడా ఉంది, ప్రతి మలుపులో కాంతి చెదురుతుంది, అన్ని రంగులూ సమంగా చెదిరితే మన కంటికి తెలుపు. నూనె ఆ సందుల్లోకి దిగితే తేడా తగ్గి కాంతి నేరుగా పోతుంది.

“నీ పండ్ల మీద తెల్లమచ్చ కూడా గదేరా” అన్నాను. వాడు బజ్జీ తినడం ఆపేశాడు.

ఆరోగ్యమైన ఎనామెల్ తెల్లగా ఉండదు, గాజులా కాంతిని పోనిస్తుంది. మనకు కనిపించే లేత పసుపు దాని వెనకున్న డెంటీన్‌ది. పళ్లు ముత్యాల్లా ఉండాలంటారు గానీ, నిజం ముత్యాలు చూడండి, వాటిలోనూ కొన్నిటికి కొంచెం పసుపు ఉంటుంది. ఎనామెల్ గుణకం 1.62. రంధ్రాల్లో నీరుంటే 1.33, గాలి ఉంటే 1. అందుకే నోరు తెరిచి పడుకున్నవాళ్లకు పొద్దున లేవగానే మచ్చలు ఎక్కువ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, నీళ్లు ఆరి గాలి చేరింది కాబట్టి. దంతవైద్యులకు ఇదొక పరీక్ష కూడా. పన్ను తడిగా ఉన్నప్పుడు కనబడకుండా, గాలి ఊది ఆరబెట్టాకే కనిపించే మచ్చ పైపైనే ఉంది. తడిలోనూ తెల్లగా నిలిచేది లోతుది. పంటి వెనక చిన్న లైటు పెట్టి, ఆ మచ్చ కాంతిని ఎంత అడ్డుకుంటోందో కూడా చూస్తారు. మావాడికి లెక్క రాసిచ్చిన చోట ఈ రెండూ చేయలేదు.

కాగితానికి నూనె చేసిన పనినే పంటికి చేయించే చికిత్స ఒకటుంది. అప్పుడప్పుడే మొదలైన పుచ్చుమచ్చల కోసం జర్మనీలో తయారై, 2009లో బజారుకు వచ్చింది. రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ అంటారు. 15 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని రెండు నిమిషాలు ఉంచి పైపొరలో ముప్ఫై నలభై మైక్రాన్లు తీసేస్తారు. అంటే వెంట్రుక మందం కూడా కాదు. ఆల్కహాలుతో ఆరబెడతారు. తర్వాత చాలా పలచని రెజిన్ వేస్తే అది రంధ్రాల్లోకి తానే పీల్చుకుపోతుంది. నీలికాంతి చూపించగానే గట్టిపడుతుంది. గుణకం 1.5 దగ్గరికి చేరుతుంది, మచ్చ చుట్టుపక్కల రంగులో కలిసిపోతుంది. నాకు ఇందులో నచ్చే ముచ్చట ఒకటుంది. ఆల్కహాలు వేసినప్పుడే ఫలితం ఎలా ఉండబోతుందో క్షణంపాటు కనిపిస్తుంది, తడి కాగితంలా. ఆ క్షణంలో మచ్చ తగ్గకపోతే ఆమ్లం ఇంకోసారి పెట్టాలి. అలా చేసినా తగ్గకపోతే రెజిన్ వేసినా పెద్దగా తగ్గదు, ఆగిపోవచ్చు. ఫ్లోరోసిస్ మచ్చల మీది పైపొర గట్టిది కాబట్టి చాలాసార్లు ఒక్క విడతతో సరిపోదు. ఇంకో మాట, గోధుమరంగును ఇది తీయలేదు. రంగు లోపల ఉండగా రెజిన్ పోస్తే రంగుతో సహా మూతపెట్టినట్టు.

ఆమ్లం అనగానే మావాడు ఉలిక్కిపడ్డాడు. నిజానికి ఈ మచ్చలకు దొరికిన మొదటి మందే ఆమ్లం. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ ఊరిలో 1901లో ప్రాక్టీసు మొదలుపెట్టిన ఫ్రెడరిక్ మెకే, ఊరివాళ్ల గోధుమరంగు పళ్లు చూసి ముప్ఫై ఏళ్లు కారణం కోసం తిరిగాడు. కారణం 1931లో దొరికింది. అల్యూమినియం పాత్రల మీద నింద పడుతుందేమోనని ఆల్కోవా కంపెనీ తన ముఖ్య రసాయనవేత్త చర్చిల్ చేత నీళ్లు పరీక్ష చేయిస్తే ఫ్లోరైడు బయటపడింది. అంతకు ముందే, 1916లో, అదే ఊళ్లో వాల్టర్ కేన్ అనే దంతవైద్యుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఆ మరకలు తీసేవాడు. కారణం తెలియకముందే చికిత్స! ఇప్పుడు చేసే మైక్రోఅబ్రేషన్ దానికి మనవడు. పలచని ఆమ్లాన్ని సన్నటి రాపిడి పొడితో కలిపి, చిగుళ్లకు రబ్బరు తెర అడ్డం పెట్టి, కొన్ని సెకన్లు రుద్ది కడగడం. నూటయాభై, రెండు వందల మైక్రాన్ల వరకు పోతుంది. పైపైనున్న గోధుమచారకు చవకైన, నమ్మకమైన పని. బాత్‌రూం కడిగే యాసిడ్ కూడా హైడ్రోక్లోరిక్ ఆమ్లమే కదా అని ఇంట్లో ప్రయత్నించేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే: మీరు నా క్లాసులో ఉండి ఉంటే ఫెయిల్ చేసేవాణ్ణి.

బ్లీచింగ్ ఇంకో దారి. రంగున్న అణువుల్లో ఒకటి విడిచి ఒకటిగా జంటబంధాల గొలుసులుంటాయి, కాంతిని మింగేవి అవే. హైడ్రోజన్ పెరాక్సైడు ఆ గొలుసులను తెంపుతుంది. తెగిన ముక్కలకు రంగుండదు. క్లినిక్‌లో 25 నుంచి 40 శాతం ద్రావణాన్ని గంటసేపు పెడతారు. ఇంటికిచ్చేది 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడు, పళ్ల కొలతకు చేసిన పలచని ట్రేలో వేసుకుని రాత్రి పడుకోవాలి. అందులో అసలు పెరాక్సైడు మూడున్నర శాతమే. ఈ రాత్రి పద్ధతి కూడా అనుకోకుండా దొరికిందే. 1960ల చివర్లో ఆర్కాన్సాలో క్లస్‌మియర్ అనే వైద్యుడు చిగుళ్ల పుండుకని ఇచ్చిన మందుతో పళ్లు తెల్లబడ్డాయి. హేవుడ్, హైమన్ 1989లో దాన్ని పద్ధతిగా రాసి పెట్టాక ప్రపంచమంతా పాకింది. మెరిసే నీలిలైటు పెట్టి గంటలో చేస్తామన్న ప్రకటనలు చూసినప్పుడల్లా నాకు అనుమానమే. లైటు వల్ల అదనంగా కలిసొచ్చేది తక్కువ. పైగా గంటసేపు నోరు తెరిచి ఉంటే పళ్లు ఆరి ఎలాగూ తెల్లగా కనిపిస్తాయి, బజ్జీ కాగితం లెక్కే. నాలుగు రోజుల్లో తడి తిరిగొచ్చి కొంత రంగు వెనక్కి వస్తుంది. నెమ్మదిగా రాత్రిళ్లు వేసుకునే ట్రే రెండు వారాల్లో అంతే దూరం తీసుకెళ్తుంది. టెట్రాసైక్లిన్ పళ్లకైతే మూడు నుంచి ఆరు నెలలు పట్టొచ్చు.

బ్లీచింగ్ రోజుల్లో చల్లనీళ్లు తగిలితే జివ్వుమనడం మామూలే, ఆపితే తగ్గుతుంది. పుచ్చులు, చిగుళ్ల జబ్బు ఉంటే ముందు వాటి సంగతి చూసుకోవాలి. సిమెంటు పెట్టిన పళ్లు, తొడుగులు తెల్లబడవు, పక్క పళ్లు తెల్లబడి అవి పాతరంగులోనే మిగిలి బయటపడతాయి. మావాడిలాంటి ఫ్లోరోసిస్ పళ్లకు ఇంకో సంగతి కూడా చెప్పాలి. పెరాక్సైడు గోధుమరంగును తెంపుతుంది గానీ, తెల్లమచ్చను తీయదు. అక్కడ తెంపడానికి రంగే లేదు, ఉన్నది రంధ్రం. మొదటి రోజుల్లో తెల్లమచ్చలు ఇంకా ఎక్కువైనట్టుంటాయి. చాలామంది భయపడి అక్కడే ఆపేస్తారు. కొనసాగిస్తే చుట్టూ ఉన్న పన్ను తెల్లబడి, మచ్చకూ దానికీ తేడా తగ్గుతుంది.

ఇక పైన కప్పే పనులు. కాంపోజిట్ అంటే పంటిరంగు సిమెంటును పొరలుగా పెట్టి చెక్కడం. పన్ను గుంటలు పడితే, అంచు విరిగితే అదే సరైనది. ఒక్క పూటలో అయిపోతుంది, ఊడితే మళ్లీ పెట్టొచ్చు. కొన్నేళ్లకు రంగు మాసి మెరుపు తగ్గుతుంది. ఫ్లోరైడు పట్టిన ఎనామెల్ అంటించేముందు పూసే ఆమ్లానికి అంత తేలిగ్గా లొంగదు, ఇంకాస్త ఎక్కువసేపు పెట్టాలన్నది మన వైపు వైద్యులకు తెలిసిన సంగతే.

వెనీరు 1930ల్లో హాలీవుడ్ నటుల కోసం చార్లెస్ పింకస్ చేసిన ముచ్చట. అవి కట్టుడు పళ్లకు వాడే అంటింపు పొడితో షూటింగు వరకు నిలిచేవి, సాయంత్రం తీసి పెట్టేవాళ్లు. మావాడు ఊహించుకున్నది సరిగ్గా ఆ వెనీరునే. ఇప్పటి పింగాణీ వెనీరు శాశ్వతంగా అంటుకుంటుంది. దానికి చోటు కావాలి కాబట్టి సాధారణంగా 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్ల ఎనామెల్ అరగదీస్తారు. చారను పూర్తిగా దాచాలంటే పింగాణీ ఇంకా మందం కావాలి, అంటే ఇంకా ఎక్కువ అరగదీయాలి. ముందరి పంటి మధ్యలో ఎనామెల్ మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ. చిగురు దగ్గర అందులో సగం కూడా ఉండదు. లెక్క మీరే చూడండి. ఎనామెల్‌కు అంటిన వెనీరు గట్టిగా నిలుస్తుంది, డెంటీన్‌కు దిగితే ఆ పట్టు తగ్గుతుంది.

మంచి చేతిలో పడితే వెనీర్లు పదేళ్లు, పదిహేనేళ్లు హాయిగా ఉంటాయి. చాలా అందంగా కూడా ఉంటాయి, అది కాదనను. కానీ మావాడికి ఇరవై రెండేళ్లు. డెబ్బై ఏళ్లు బతికాడనుకున్నా మూడు నాలుగుసార్లు మార్చాలి, మార్చిన ప్రతిసారీ కాస్త పన్ను పోతుంది. పది పళ్లకు. అంతా కలిపి ఒకనాటికి తొడుగుల దాకా పోతుంది, తొడుగంటే పన్నులో సగం కంటే ఎక్కువ భాగం చెక్కేయడమే. తీవ్రమైన ఫ్లోరోసిస్‌లో ఎనామెల్ పెచ్చులూడి గుంటలు పడినవాళ్లున్నారు మా ఊళ్లో. వాళ్లకు వెనీరో తొడుగో వేయాల్సిందే, అక్కడ కాపాడటానికి మిగిలింది తక్కువ. నిండుగా ఉన్న పంటి మీది చారకు అదే మందు రాయడం నాకు కోపం తెప్పించింది.

ఇంటికొచ్చాక ఫోను టార్చి పంటి వెనక పెట్టి వాడే అద్దంలో చూసుకున్నాడు. ముందరి రెండు పళ్ల తెల్లమచ్చలు నీడలా కనిపించాయి, మిగతా ఎనిమిదింటి గీతలు కాంతిలో మాయమయ్యాయి. మర్నాడు వేరే వైద్యురాలి దగ్గరికి వెళ్లాడు. ఆవిడ ఆరబెట్టి చూసి, ఫొటోలు తీసి, ముందు రాత్రి ట్రే రెండు వారాలు, తర్వాత చార మిగిలితే మైక్రోఅబ్రేషన్, చివర్లో తెల్లమచ్చలకు రెజిన్ అన్నారట. బ్లీచింగుకూ రెజిన్‌కూ మధ్య రెండు వారాలు ఖాళీ ఉంచాలి. పంటిలో మిగిలిన ఆక్సిజన్ రెజిన్‌ను సరిగ్గా గట్టిపడనివ్వదు, రంగు కూడా అప్పటికి గానీ కుదురుకోదు.

ట్రే పెట్టుకుని హాస్టల్ గదిలో పడుకుంటే మొదట రూమ్మేట్లు నవ్వారట. నాలుగో రోజు ఫోన్ చేసి “మామా, తెల్లమచ్చలు ఇంకా ఎక్కువైనయ్” అన్నాడు. చెప్పాను కదరా, ఓపిక పట్టు అన్నాను. పదో రోజుకు చార చాయ్ రంగు నుంచి పాల రంగుకు దిగింది. రాపిడి అవసరమే పడలేదు. ఇప్పుడు ఆ రెండు వారాల ఖాళీలో ఉన్నాడు.

మొన్న ఆదివారం మళ్లీ బండి దగ్గర అడిగాను, మిగతా ఎనిమిదింటి సంగతేంటని.

“అవి టార్చి పెడితే మాయమైతున్నయ్ మామా, ఉండనీ” అన్నాడు, కాగితాన్ని వీధిదీపానికి ఎత్తిపట్టి చూస్తూ.